చేవను తినెడి కుక్కగొడుగులు: బ్రతికియున్న చెట్లపై వానిని గుర్తించు విధము

తెలుగున చేవ యను మాట కలదు. మనుష్యుని యందు సారమును దార్ఢ్యమును కలవని చెప్పదలచినప్పుడు చేవగలవాడందుము. ఈ మాట మొదట చెట్టుది. మాను నడుమ ముదురు వన్నెతో నుండు గట్టి చెక్కకు చేవ యని పేరు. దుంగను బేరమాడ వచ్చిన వడ్రంగి ముందుగా చూచునది చేవ ఎంత కలదని. చేవను చుట్టియుండు లేత వన్నె చెక్క వేళ్ళనుండి ఆకులకు నీటిని మోయుచుండును. వృక్షశాస్త్ర గ్రంథములు దీనిని రసదారువనియు, చేవను అంతర్దారువనియు వ్యవహరించును. దాని వెలుపల బెరడు. బెరడునకును చెక్కకును నడుమ కంటికానని పలుచని పొర ఒకటి కలదు. కేంబియమను ఆ పొరయే ఏటేట క్రొత్త చెక్కను పుట్టించును.

ఈ కట్టడమున ఒక చిత్రము కలదు. చేవలోని కణములు మృతకణములు. చెట్టు ప్రాణమంతయు రసదారువునందును, కేంబియమునందును, బెరడు లోపలి పొరలయందును ఉన్నది. కావున చేవ సగమునకు పైగా చివికిపోయినను చెట్టు పచ్చగా చిగిర్చును, పూచును, కాయును. పచ్చదనమును చూచి ఆరోగ్యమని తలంచువాడు మోసపోవును. తొర్రను చూచి చెట్టునకు చావు దగ్గరపడినదని తలంచువాడును అంతే మోసపోవును. ఈ రెంటి నడుమ త్రోవ చూపగల గురుతు ఒకటి కలదు. అది మాను మీదనో మొదటనో పుట్టు కుక్కగొడుగు. దానిని ఎట్లు చదువవలయునో చెప్పుటకే ఈ వ్యాసము.

మేము తెలుగు బోధించువారము, వృక్షశాస్త్రము మా శాస్త్రము కాదు. అయినను గత వర్షాకాలమున మన కళాశాల ఆవరణలోని మూడు చెట్లపై ఇట్టి పెరుగుదలలు కానవచ్చినప్పుడు కమిటీ పెద్దలలో రెండు అభిప్రాయములు వినవచ్చినవి. పడకముందే మూడింటిని కొట్టించుట మేలని కొందరు; గునపముతో చెక్కించి సున్నము పూయించిన చాలునని మరికొందరు. ఇరు పక్షములవారును మేలు కోరియే పలికిరి. కాని ఆ మూడింటిపై పుట్టినవి మూడు వేర్వేరు జాతులనియు, మూడింటికి ఒకే తీర్పు చెల్లదనియు ఎవరును అనలేదు. మేము వృక్షశాస్త్ర విభాగపు మిత్రుల సాయమును వారి సూక్ష్మదర్శినిని అరువు తెచ్చుకొని, పుస్తకములతో పోల్చి చూచి తెలిసికొన్నది ఇచ్చట విద్యార్థుల కొరకును పెద్దల కొరకును వ్రాయుచున్నాము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. పుట్టపై మొలచి తినుటకు పనికివచ్చుదానికి తెలుగువాడు పుట్టగొడుగని మర్యాద గల పేరు పెట్టినాడు, పనికిరానిది కుక్కపాలయినది. ఉర్దూలో దీనిని కుకుర్‌ముత్తా యందురు. అచ్చటను కుక్కకు తప్పలేదు. నిజమునకు చెట్టునంటి పుట్టు జాతులలో పెక్కింటికి గొడుగు ఆకారమే లేదు. కాడ లేక, గోడకు కొట్టిన అరవలెనో, గుఱ్ఱపు డెక్కవలెనో, చిన్న విసనకఱ్ఱవలెనో మానునకు అతికికొనియుండును. అడుగుభాగమున గొడుగు కమ్ములవంటి పొరలకు మారుగా సూదిమొనతో పొడిచినట్లుండు సన్నని రంధ్రములు కనబడును. వాడుకలోని పేరును వదలుట ఇష్టము లేక మేము కుక్కగొడుగనియే వ్రాయుచున్నాము.

మనకు కనబడునది శిలీంధ్రము యొక్క ఫలము మాత్రమే. అసలు శిలీంధ్రము నూలుపోగుకంటె సన్నని తంతువుల రూపమున చెక్కలోపల వ్యాపించియుండును. మామిడిపండును కోసినంత మాత్రమున మామిడిచెట్టు పోదు గదా! గునపముతో చెక్కించి సున్నము పూయుట అట్టి పనియే. అరను ఊడగొట్టిన పిమ్మట లోపలి తంతువులు తమ పనిని తాము చేసికొనుచునే యుండును, మనకు మాత్రము గురుతు దక్కకుండ పోవును. మఱియొకటి గమనింపవలయును. తంతువులు చెక్కలో కొన్నేండ్లు మేసి బలిసిన పిదపగాని ఫలము వెలుపలికి రాదు. మొదటి కుక్కగొడుగు కనబడిన నాటికే లోపలి జబ్బు పాతది.

కుళ్ళిన చెక్కనుండి కుక్కగొడుగు దానంతట అది పుట్టునని ఐరోపా పండితులు సైతము చిరకాలము నమ్మిరి. అనగా కుళ్ళు కారణము, శిలీంధ్రము కార్యము. జర్మనీ దేశీయుడగు రాబర్ట్ హార్టిగ్ ఈ లెక్కను తిరుగవేసెను. చివికిన చెక్కలోని తంతువులును, మాను వెలుపలి కుక్కగొడుగును ఒకే ప్రాణి యొక్క రెండు భాగములనియు, ఆ ప్రాణియే చెక్కను చివికించుచున్నదనియు అతడు 1874లోను 1878లోను ప్రకటించిన గ్రంథములలో నిరూపించెను. అడవి వృక్షముల రోగశాస్త్రమునకు అదియే పునాది. మన దేశమున ఈ విద్యకు డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ నెలవయ్యెను. అచ్చటి బి. కె. బక్షీ చెట్లపైనను కలపపైనను పెరుగు భారతీయ జాతులను గూర్చి 1971లో వెలువరించిన గ్రంథమును ఇప్పటికిని పరిశోధకులు తిరగవేయుచునే యున్నారు.

చెట్టు బెరడు గట్టి కోట వంటిది. శిలీంధ్ర బీజములు గాలిలో ఎంత తిరిగినను గాయము లేని బెరడును దాటి లోనికి పోవుట కష్టము. కావున వాకిలి తెరచునది తరచుగా మనుష్యుడే. విద్యుత్తు తీగెలకు అడ్డమని కొమ్మలను అడ్డదిడ్డముగా నరకుట, ప్రకటన పలకలకై మేకులు కొట్టుట, పునాదికై వేళ్ళను తెగగొట్టుట, మొదలిని సిమెంటు అరుగుతో బిగించుట — ఇవన్నియు శిలీంధ్రమునకు ఆహ్వాన పత్రికలు. వార్షికోత్సవమునకు ముందు మొదళ్ళకు పూయించు సున్నమును జేగురును చెట్టునకు అలంకారమేగాని వైద్యము కాదు.

గాయపడిన చెట్టు ఏమి చేయును? మన చర్మమువలె గాయపడిన కణములను మరల బాగుచేసికొనుట చెట్టునకు చేతకాదు. చెడిన భాగమును వెలివేసి చుట్టును గోడలు కట్టుకొనును. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునను అడ్డముగను కోసి చూచి ఈ సంగతిని 1977లో ఒక సిద్ధాంతముగా కూర్చెను. అతని లెక్కలో గోడలు నాలుగు. పైకిని క్రిందికిని పోవు నీటి నాళములను పూడ్చుట మొదటిది. అది మిక్కిలి బలహీనము, అందుచేతనే కుళ్ళు నిలువున దూరముగా ప్రాకును. లోపలివైపునకు వార్షిక వలయములు రెండవ గోడ, ప్రక్కలకు అడ్డకిరణములు మూడవది. గాయము తగిలిన పిదప పుట్టు క్రొత్త చెక్కకును పాత చెక్కకును నడుమ కట్టబడునది నాలుగవ గోడ. అన్నిటికంటె గట్టిది ఇదియే. మాను అడ్డుకొలత ఒక జానెడు ఉన్నప్పుడు గాయము తగిలినదనుకొందము. తరువాత చెట్టు మూడు జానల లావయినను, ఈ గోడ నిలిచినంత కాలము కుళ్ళు లోపలి జానెడుకే పరిమితమై యుండును. తొర్ర గల చెట్లు నూరేండ్లు బ్రతుకుటలోని రహస్యము ఇదియే. అయితే ఈ గోడలను సైతము ఛేదించు జాతులు కొన్ని కలవు. వానిని గుర్తించుటయే మన పని.

ఈ గోడ కట్టుటను ముక్కుతో తెలిసికొనదలచినవారు అత్తరు దుకాణమునకు పోవచ్చును. అచ్చట ఊద్ అని అమ్మునది మన అగరు. అస్సాము మొదలగు చోట్ల పెరుగు అగరు చెట్టు మామూలు చెక్క తెల్లనిది, తేలికైనది, వాసన లేనిది. గాయము తగిలి శిలీంధ్రములు ప్రవేశించినప్పుడు వానిని నిలువరించుటకు చెట్టు ఆ భాగమును నల్లని బంక పదార్థముతో నింపును. ఆ నల్లబడిన చెక్కయే ఊద్. అరబ్బీలో ఊద్ అనగా కఱ్ఱ యనియే అర్థము. బజారులో అంత వెల పలుకునది ఒక చెట్టు తన శత్రువుపై కట్టిన గోడ.

ఇక చెక్కను తినుటలో రెండు ముఖ్యమైన తీరులు కలవు. ఇటుకలను సున్నముతో కూర్చి గోడ కట్టినట్లు, చెక్కలో సెల్యులోజను పోగులును, వానిని బిగించి నిలుపు లిగ్నినను పదార్థమును ఉన్నవి. కొన్ని శిలీంధ్రములు లిగ్నినును కూడ తినగలవు. అప్పుడు చెక్క పాలిపోయి, పీచువలె, తడిసిన స్పాంజివలె మెత్తనగును. దీనిని తెల్లకుళ్ళు అందురు. మరికొన్ని సెల్యులోజును మాత్రము తిని లిగ్నినును విడిచిపెట్టును. మిగిలిన చెక్క గోధుమవన్నెకు తిరిగి, ఎండిన చెరువుమట్టివలె పలకలుగా పగిలి, వేళ్ళ నడుమ నలిపిన పొడియగును. ఇది గోధుమకుళ్ళు. తెల్లకుళ్ళు పట్టిన మాను కొంత వంగి హెచ్చరించును. గోధుమకుళ్ళు పట్టినది ఉన్నట్టుండి పుటుక్కున విరుగును. గోధుమకుళ్ళు జాతులు లెక్కకు తక్కువ, అవియును శీతల దేశముల దేవదారు వర్గపు చెట్లపై ఎక్కువ. మన వెడల్పాకుల చెట్లయందు తెల్లకుళ్ళే తరచుగా కనబడును.

మన ఆవరణలోని మూడింటిలో మొదటిది సైకిళ్ళ పాక ప్రక్కనున్న నిద్రగన్నేరుపై కనబడినది. నేలకు జానెడు ఎత్తున, రెండు పెద్ద వేళ్ళ నడుమ, పలకవలె మందమైన అర. పైభాగము ఎఱ్ఱనిగోధుమ వన్నెతో, లక్కపూత పూసినట్లు నిగనిగలాడును. పెరుగుచున్న అంచు తెలుపు, లేత పసుపు. అడుగు మీగడవన్నె; గోటితో గీసినచో గీత గోధుమరంగునకు తిరుగును. ఇది గానోడెర్మా. ఈ ప్రజాతికి పేరు పెట్టినవాడు ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు కార్స్టెన్, 1881లో. దీని తిరుగులేని గురుతు పొడి. కోకో పొడి వంటి గోధుమరంగు బీజధూళి అర పైననే గాక చుట్టునున్న గడ్డిపైనను రాలిన ఆకులపైనను పేరుకొనును. చూచినవారు దుమ్మనుకొని తుడుచుచుందురు. వాన వెలిసిన రెండు మూడు దినములకే మరల పేరుకొనినచో దుమ్ము కాదని తెలియవలయును. సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క బీజము ఒక కొన తెగగొట్టిన గ్రుడ్డువలె, రెండు గోడలతో కానవచ్చును. ఈ ప్రజాతిలోనిదే యగు గానోడెర్మా అప్లనేటమ్ యొక్క ఒక్క అర దినమునకు 3,000 కోట్ల బీజముల చొప్పున నెలల తరబడి విడుచునని బుల్లర్ అను శాస్త్రజ్ఞుడు లెక్కగట్టెను.

పాత పుస్తకములలో మన దేశపు లక్కవన్నె అరలనన్నిటిని గానోడెర్మా లూసిడమ్ అనియే వ్రాసిరి. ఆ పేరు 1781లో ఇంగ్లండులో దొరికిన నమూనాకు కర్టిస్ పెట్టినది. ఇటీవలి డి.ఎన్.ఏ. పరిశీలనల వలన ఆసియాలో ఆ పేరుతో చెలామణి అగుచున్నవి పెక్కు వేర్వేరు జాతులని తేలినది. కావున విద్యార్థులు గానోడెర్మా అని వ్రాసి ఆగినచో తప్పు లేదు. మనకు కావలసిన తీర్పునకు అంత చాలును.

ఏలయనగా గానోడెర్మా మొదటను వేళ్ళయందును తెల్లకుళ్ళు కలిగించును. చెట్టును నేలకు పట్టియుంచు లావు వేళ్ళు మెత్తబడును. తుమ్మ జాతులు, సరుగుడు, సిస్సూ, నిద్రగన్నేరు మొదలగు పెక్కింటికి ఈ బాధ కలదు. కోనసీమ కొబ్బరి రైతులకు ఇది చిరపరిచితము. బోదె మొదటినుండి ఎఱ్ఱనిగోధుమ వన్నె ద్రవము కారుట, క్రింది మట్టలు వ్రేలాడుట ముందు కనబడును. అర వెలుపలికి వచ్చునప్పటికి చెట్టు చేయిదాటియుండును. తమిళనాట 1952లో తంజావూరు ప్రాంతమున తొలుత గుర్తింపబడినందున దీనికి తంజావూరు తెగులని పేరు. రోగము పట్టిన చెట్టు వేళ్ళు ప్రక్క చెట్టు వేళ్ళను తాకి అంటించును. అందుచే చుట్టును కందకము త్రవ్వి వేరుచేయుదురు, వేపపిండి వేయుదురు. నిద్రగన్నేరు విషయమున భయము వేరు. దాని గొడుగు విశాలము. వాన నాని నేల మెత్తబడిన దినమున ఈదురుగాలి వీచినచో, పచ్చని ఆకులతోనే వేళ్ళతో సహా ఒరిగిపోవును. ఆ నీడనే విద్యార్థులు కూర్చుండుచున్నారు.

రెండవది ప్రహరీ గోడ దగ్గరి చింతపై కనబడినది. నిలువెత్తునకు కొంచెము పైన, ఎన్నడో కొమ్మ కొట్టిన మోడు ప్రక్కన, గుఱ్ఱపు డెక్క ఆకారమున నున్నది. పైభాగము నల్లగా, నెఱ్ఱెలు బారి, రాతివలె గట్టిగా నుండును, అడుగు తుప్పువన్నె. దీనిని చూచి చెట్టు ముడి యనుకొనువారే ఎక్కువ. ఇది ఫెల్లినస్ వర్గమునకు చెందినది. గానోడెర్మాలలో లక్కవన్నెవి తరచుగా ఒక వర్షాకాలమునకే పరిమితము, ఇది బహువార్షికము. రంపముతో నిలువున కోసినచో ఏటేట చేరిన రంధ్రముల పొరలు ఒకదానిపై నొకటి కనబడును. తుప్పువన్నె కండపై పలుచని పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణము ఒక చుక్క వేసినచో వెంటనే నల్లబడును. రసాయనశాలలో సులభముగా చేయదగిన పరీక్ష ఇది. ఆ క్షారము చేతిని కాల్చునని మాత్రము మరువరాదు. ఈ ఒక్క పరీక్షనే నమ్ముటయు తగదు. గానోడెర్మా కండ కూడ క్షారముతో నల్లబడవచ్చును. లక్కపూత, కోకోధూళి ఉన్నవా లేవా యని చూచియే రెంటిని వేరుచేయవలయును. ఫెల్లినస్ జాతులలో పెక్కు చేవను తెల్లకుళ్ళుగా మార్చును. కాచు తీయు సండ్ర చెట్టు చేవను పాడుచేయునది ఈ వర్గములోనిదే.

మూడవది గ్రంథాలయము ముందరి వేప. ఎండ దెబ్బకు ఎండిన ఒక కొమ్మపై బారులు తీరిన చిన్న విసనకఱ్ఱలు. గోరంత మొదలు రెండు మూడు అంగుళముల లోపు. పైన బూడిద తెలుపు నూగు. అడుగున రంధ్రములు లేవు, మడతలు కలవు. ఒక్కొక్క మడత నిలువున రెండుగా చీలియుండును. ఇది స్కిజోఫిల్లమ్ కమ్యూన్. అంటార్కిటికా తప్ప ఖండములన్నిటను ఇది కలదు. ఎండకు చీలిన మడతలు లోనికి చుట్టుకొని బీజముల పొరను దాచుకొనును. వాన పడినంతనే విప్పుకొనును. ఎండిన నమూనాను పళ్ళెములోని నీటిలో ఉంచి విద్యార్థులు ఈ వింతను స్వయముగా చూడవచ్చును. దీనికి ఎండిన కొమ్మలును, ఎండకు మాడిన బెరడును ఇష్టము. చేవను మొదలంట పాడుచేసి చెట్టును కూల్చు శక్తి దీనికి సాధారణముగా లేదు. ఇది కనబడినచో ఆ కొమ్మ చచ్చినదని అర్థము. చెట్టు చచ్చినదని కాదు.

చూచినవారికి నీళ్ళు త్రాగినంత తేలికగా పొరపాటు కలిగించు మరి రెండు వస్తువులు కలవు. బెరడుపై బూడిదాకుపచ్చ వన్నెతో అతికియుండు పొలుసులవంటి లైకెన్లు చెట్టును తినవు, బెరడుపై నివసించునంతే. బిర్యానీ మసాలాలో పడు పత్థర్ కా ఫూల్, అనగా రాతిపువ్వు, ఈ కోవలోనిదే. వానిని గీకించుట వృథా ప్రయాస. రెండవది చెదలు, ఉర్దూలో దీమక్. మట్టి గూళ్ళును, చెక్కలో మట్టి నిండిన సొరంగములును దాని గురుతులు. మహబూబ్‌నగర్ సమీపమున ఏడు శతాబ్దుల నాటిదని చెప్పబడు పిల్లలమర్రికి పట్టినది ఈ చెదబాధయే. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడగా సందర్శకులను ఆపివేసిరి. 2018లో క్లోర్‌పైరిఫాస్ మందును సెలైను సీసాలలో నింపి, రోగికి ఎక్కించినట్లు బొట్లు బొట్లుగా మానునకు ఎక్కించి, కొమ్మలకు స్తంభములు నిలిపి దానిని కాపాడిరి. ఆ మందు చెదలకు. శిలీంధ్రము పట్టిన చెట్టునకు అదే ఎక్కించినచో ఫలముండదు. రోగము పేరు తెలియక మందు పోయుటలోని చిక్కు ఇదియే.

ఇప్పుడు తీర్పు. వేప సంగతి తేలిక. ఎండిన కొమ్మను తీయించవలయును. తీయుటలో ఒక పద్ధతి కలదు. కొమ్మ మానును కలియుచోట ఉబ్బినట్లుండు మడత కలదు. ఆ మడత వెలుపల కోయవలయునేగాని మానుతో సమముగా చెక్కరాదు. గోడ కట్టు కణములు ఆ మడతలోనే ఉన్నవి. తారు, రంగు పూయుట వలన కుళ్ళు ఆగదని షైగో మొదలగువారి ప్రయోగములు తేల్చినవి.

చింత విషయమున తొందరపడి గొడ్డలి ఎత్తరాదని మా దృఢమైన అభిప్రాయము. కొయ్యసుత్తితో చుట్టును మెల్లగా తట్టి, ఘనమైన శబ్దము ఎచ్చట, డొల్ల శబ్దము ఎచ్చట అని సుద్దముక్కతో గురుతు పెట్టవలయును. డొల్ల మానులలో మిగిలిన గట్టి చెక్క మందము వ్యాసార్ధములో పదింట మూడు వంతులకు తగ్గినచో విరుగు ప్రమాదము పెరుగునని జర్మనీ దేశపు క్లాస్ మాథెక్ పరిశీలించి చెప్పెను. మన చింత చుట్టుకొలత 220 సెంటీమీటర్లు. అనగా వ్యాసార్ధము 35. పదింట మూడు వంతులనగా పదిన్నర సెంటీమీటర్లు. అంత గట్టి చెక్క చుట్టును ఉన్నచో, పెద్ద పగుళ్ళు లేనిచో, చెట్టును ఉంచుటకు తగిన ఆధారము కలదు. ఈ లెక్కను అన్ని చెట్లకును వర్తింపరాదని వాదించువారును కలరు. ఇది కొలబద్దయేగాని శాసనము కాదు. మందము తెలిసికొనుటకు పలుచోట్ల తొలిచినచో చెట్టు కట్టుకొన్న గోడలను మనమే పగులగొట్టినవారమగుదుము. ధ్వని తరంగములతో లోపలి బొమ్మ చూపు పరికరములు ఇప్పుడు కలవు. అట్టివి గలవారిని పిలిపించుట మేలు. తొర్రను సిమెంటుతో నింపుట పూర్వము గొప్ప వైద్యముగా ఉండెను. గాలికి మాను ఊగును, సిమెంటు ఊగదు. రెంటి నడుమ తేమ నిలిచి కుళ్ళు పెరుగును. ఆ పద్ధతిని ఇప్పుడు విడిచిపెట్టిరి. తొర్రను తొర్రగానే ఉంచినచో చిలుకలకును, గోరువంకలకును, గుడ్లగూబలకును ఇల్లగును.

ముదుసలి చింతలను గూర్చి హైదరాబాదువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గరి ఒక చింతచెట్టు నెక్కి నూటయేబది మంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని పూజ్యముగా చూడబడుచున్నది. ముసలిదనము కాని, ఒక మోడుపై పుట్టిన డెక్క కాని మరణశిక్షకు చాలిన నేరములు కావు.

నిద్రగన్నేరు కఠినమైన ప్రశ్న. అది మూడింటిలో అందమైనది, పచ్చనిది. ప్రమాదము కూడ దానియందే. మొదట మట్టిని చేతిపారతో మెల్లగా తొలగించి లావు వేళ్ళను చూడవలయును. బెరడు ఊడి లోపల పీచువలె నున్న వేళ్ళు ఎన్ని, ఏ దిక్కున అని వ్రాసికొనవలయును. ఒక వైపు మాత్రమే చెడినచో గొడుగు బరువును నిపుణులచే కొంత తగ్గించి, కొన్నేండ్లు కనిపెట్టి చూడవచ్చును. సగమునకు మించి చెడినచో, మాకు బాధ కలిగించినను, తీయించుటయే ధర్మమని చెప్పవలసియున్నది. ఏది తేలువరకును చేయదగిన పని ఒకటి కలదు. దానికి ఖర్చు లేదు. సైకిళ్ళ పాకను, బల్లలను ఆ చెట్టు పడగల దూరము దాటించి వేరుచోటికి మార్చుట. చెట్టు ఎత్తునకు కొంత కలిపి ఆ దూరమును లెక్కింపవలయును. ఈ పని వానలకు ముందే కావలయునని కమిటీ పెద్దలకు మా మనవి. తీయించుటకే నిశ్చయించినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము ముందుగా అధికారి అనుమతి పొందవలయును.

విద్యార్థులు ఆవరణలోని చెట్లను ఆషాఢము మొదలు ఆశ్వయుజము వరకు నెలకొకమారు చూచుట మంచిది. లక్కవన్నె అరలు పుట్టు కాలమది. ఒక నోటుపుస్తకమున చెట్టు పేరు, చుట్టుకొలత, కుక్కగొడుగు పుట్టినది వేరునో మొదలో మానో కొమ్మయో, ఏ దిక్కున, నేలనుండి ఎంత ఎత్తున, పైభాగము అడుగుభాగముల వన్నె, గోటి గీత రంగు, ధూళి ఉన్నదా, తట్టినప్పటి శబ్దము — ఇవి వ్రాయవలయును. తెల్లకాగితముపై అడుగుభాగము క్రిందికి వచ్చునట్లు నమూనాను ఒక రాత్రి ఉంచి, ప్రొద్దుట కాగితముపై రాలిన పొడి రంగును చూచి దానిని కూడ పుస్తకమున అతికింపవలయును. అరనంతయు ఊడదీయరాదు, అంచునుండి బొటనవ్రేలంత ముక్క చాలును. మిగిలినది చెట్టుపైననే యున్నచో మరుసటి నెల అది ఎంత పెరిగినదో కొలుచుటకు వీలగును.